నియంతను దేశం దాటిస్తే యుద్ధం ఆగుతుందా: వేలూరు కోట సాక్ష్యం



ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న ప్రశ్న ఇది. జనాన్ని చిత్రహింసలు పెట్టే పాలకుడొకడు గద్దె దిగనంటాడు. దించాలంటే యుద్ధం తప్పేలా లేదు. అప్పుడు ఎవరో మధ్యవర్తి వచ్చి, ప్రాణానికి మాది పూచీ, పెళ్ళాం బిడ్డలతో దేశం విడిచి వెళ్ళిపో అని కబురు పెడతాడు. అలా వెళ్ళనివ్వవచ్చా? 2003 మార్చిలో సద్దాం హుస్సేన్ విషయంలో ప్రపంచం ఈ ప్రశ్న వేసుకుంది. 2011లో ట్యునీసియా, లిబియా, సిరియాలలో మళ్ళీ వేసుకుంది. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా నుంచి వచ్చి ఢిల్లీ పక్కన దిగిన రోజున అది మన ఇంటి ప్రశ్న అయింది. నా జవాబు ముందే చెప్పేస్తాను. యుద్ధం కంటే ప్రవాసం మేలు, చాలా మేలు. కాని దానితో తీరేది మనిషి బెడద మాత్రమే. గద్దె సంగతి అలాగే మిగిలి ఉంటుంది. ఖాళీ అయిన గద్దె ఎవరి చేతికి పోయింది, వెళ్ళినవాడికి ఇచ్చిన మాటను ఎవరు ఎన్నాళ్ళు నిలబెట్టారు అన్నదాన్ని బట్టి ఆ ప్రవాసం యుద్ధాన్ని ఆపిందో, కొన్నాళ్ళు వాయిదా మాత్రమే వేసిందో తేలుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి జెనీవా దాకా పోనక్కర్లేదు. తిరుపతిలోని ఈ అలిపిరి నుంచి చిత్తూరు మీదుగా వంద కిలోమీటర్లు దాటితే రాయవేలూరు కోట వస్తుంది. 1911 దాకా ఆ వేలూరూ ఈ తిరుపతీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, ఆ జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణం. చుట్టూ నీళ్ళతో నిండిన అగడ్త, లోపల జలకంఠేశ్వరుడి గుడి ఉన్న ఆ కోటలో రెండు వందల ఏళ్ళ వ్యవధిలో మూడు రాజకుటుంబాలు, గద్దె పోగొట్టుకుని, కాపలా మధ్య బతికాయి. ఒక్కో కుటుంబం కథ ఒక్కో విధంగా ముగిసింది. నేను ఈ రోజు మాట్లాడబోయేదానికి ఆ మూడు ముగింపులే ప్రధాన ఆధారం.

మొదటిది మన చంద్రగిరి రాజులది, అంటే విజయనగరపు చివరి వంశానిది. ఆరవీటి వెంకటపతిరాయలు 1614లో కన్నుమూస్తూ సోదరుని కొడుకు శ్రీరంగరాయలకు రాజ్యం అప్పగించాడు. గొబ్బూరి జగ్గరాయడు అందుకు ఒప్పుకోలేదు. రాణి కొడుకని చెప్పి ఒక పిల్లవాణ్ని గద్దె ఎక్కించి, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా వేలూరు కోటలో బంధించాడు. వెలుగోటి యాచమనాయుడు రామదేవుడనే పిల్లవాణ్ని ఒక చాకలివాని చేత రహస్యంగా కోట దాటించాడు. మిగిలిన కుటుంబాన్ని కోటలోనే తుదముట్టించారు. ఆ చావులతో తగవు తీరలేదు. తంజావూరు నాయకుడు ఒక పక్షాన, మధుర, జింజి నాయకులు మరో పక్షాన చేరి, కావేరి ఒడ్డున తోపూరు దగ్గర పెద్ద యుద్ధం చేశారు. విజయనగరానికి అప్పటికి మిగిలిన కాస్త బలమూ ఆ అంతర్యుద్ధంలో హరించుకుపోయింది. శ్రీరంగరాయలు నియంత ఏమీ కాదు, నిజమే. అయినా గద్దె దిగిన మనిషికి ప్రాణంతో మిగిలే దారి మూసేస్తే పరిస్థితి ఏమవుతుందో ఆ ఉదంతం చెబుతోంది. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి పక్షం చివరి మనిషి దాకా కొట్లాడుతుంది.

రెండో కుటుంబం టిప్పు సుల్తానుది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, టిప్పు కొడుకులను, అంతఃపుర స్త్రీలను, పరిచారకులను ఈస్టిండియా కంపెనీవారు వేలూరు కోటకు తరలించారు. భత్యాలు ఇచ్చారు, మహళ్ళు ఇచ్చారు, పెళ్ళిళ్ళు జరగనిచ్చారు. అదే కోటలో దేశీ సిపాయిలనూ ఉంచారు. నొసట బొట్టు పెట్టుకోకూడదని, గడ్డం తీసేయాలని, కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని ఆ సిపాయిలకు ఆజ్ఞలు వచ్చాయి. 1806 జూలై 10 తెల్లవారుజామున వాళ్ళు తిరగబడి వంద మందికి పైగా బ్రిటిష్ సైనికులను చంపి, కోట మీద మైసూరు జెండా ఎగరేసి, టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదరును రాజుగా ప్రకటించారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి, ఆ పూటే దాన్ని అణచివేశాడు, వందల మంది సిపాయిలు చనిపోయారు. తర్వాత టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు పంపేశారు. అక్కడి నుంచి వాళ్ళ పేరు మీద మళ్ళీ తిరుగుబాటు రాలేదు. ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది మరొకటుంది. వేలూరు లేచింది గాని మైసూరు లేవలేదు. టిప్పు సింహాసనాన్ని కంపెనీ తాను తీసుకోలేదు. తెర వెనుక పెత్తనం తనదే అయినా పాత ఒడయారు వంశం బిడ్డను గద్దె మీద కూర్చోబెట్టింది. ఆ దేశపు జనానికి, వెళ్ళిపోయినవాళ్ళ జెండా కింద చేరాల్సిన అవసరం అంతగా కనబడలేదు.

మూడో కథ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే నియంత ప్రవాసం అన్న మాటకు నిజంగా సరిపోయేది అదే. సింహళంలో కండి రాజ్యాన్ని 1739 నుంచి నాయక్కర్లు ఏలారు. వీళ్ళు మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబాలు. ఆ వరసలో నాలుగోవాడు, చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1798లో గద్దె ఎక్కాడు. కండి నగరం నడుమ ఈనాడు అందరూ చూసి మురిసిపోయే చెరువును తవ్వించింది అతనే, ఆ చెరువు కోసం రైతులను వెట్టికి తోలి ఉసురు పోసుకున్నదీ అతనే. అనుమానం ముదిరేకొద్దీ శిక్షలు ముదిరాయి. ఎహెలెపొల అనే పెద్ద మంత్రి 1814లో తిరగబడి, ఓడి, ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి పారిపోయాడు. రాజు అతని కుటుంబం మీద పడ్డాడు. కండి వీధిలో అందరూ చూస్తుండగా పిల్లల తలలు నరికించాడు. పెద్దవాడు జంకి తల్లిని పట్టుకుంటే, తమ్ముడు మద్దుమ బండార, పసివాడు, నేను ముందు వెళ్తానని కత్తి కిందికి నడిచాడని సింహళీయులు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత తల్లిని బొగంబర చెరువులో ముంచి చంపించాడు. ఇంతటి క్రౌర్యాన్ని పరాయివాళ్ళు కల్పించిన ప్రచారమని కొట్టిపారేయలేం. రాజు మీద అసహ్యంతో ఆయన సామంతులు చాలామంది కదలకుండా కూర్చున్నారు. 1815 ఆరంభంలో గవర్నరు బ్రౌన్‌రిగ్ పంపిన సేనలు ఎదురు లేకుండా కండిలోకి నడిచాయి. ఫిబ్రవరి 18న మెదమహనువర దగ్గర దాక్కున్న రాజును ఎహెలెపొల మనుషులే పట్టుకుని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు.

ఆ కాలపు లెక్కలో ఇది అపురూపమైన విజయం. పన్నెండేళ్ళ కిందట, 1803లో అదే కండి మీదికి వెళ్ళి, ముత్తుసామి అనే తమ మనిషిని గద్దె మీద పెట్టి, ఆ గద్దెను నిలబెట్టుకోలేక, డేవీ అనే మేజరు కింద ఉన్న దండునంతా పోగొట్టుకున్న బ్రిటిష్‌వాళ్ళకు, ఈసారి దాదాపు రక్తం చిందకుండా రాజ్యం చిక్కింది. రాజును చంపలేదు. 1816 జనవరిలో రాణులతో, బంధువులతో కార్న్‌వాలిస్ అనే యుద్ధనౌక మీద మద్రాసుకు పంపి, అక్కడి నుంచి వేలూరు కోటకు తెచ్చారు. రాజు 1832 జనవరి 30న చనిపోయేదాకా, పదహారేళ్ళు, అక్కడే భత్యం మీద బతికాడు. ఆయన వల్ల ఒక్క కుట్ర, ఒక్క అల్లరి జరగలేదు. పాలారు ఒడ్డున 1990లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన ముత్తుమండపంలో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఇక్కడితో ఆపితే, క్రూరుడైన పాలకుణ్ని దేశం దాటించడం కంటే మేలైన ఉపాయం లేదని చెప్పి నేను కూర్చోవచ్చు.

కాని కండిలో ఏమైందో చూడాలి. 1815 మార్చి 2న సామంతులతో చేసుకున్న ఒప్పందం, రాజు క్రూరత్వం సహించరానిదైందని, అందుచేత ఆయనకూ ఆయన వంశానికీ గద్దె మీద హక్కు శాశ్వతంగా పోయిందని రాసింది. ఆయన మగ బంధువులెవరూ అనుమతి పత్రం లేకుండా ఆ దేశంలో అడుగు పెట్టరాదని రాసింది. ఆ వెంటనే గద్దెను ఇంగ్లండు రాజుకు దఖలు పరిచింది. నియంతను తీసేయమని కోరుకున్న జనానికి, సామంతులకు, తమ దేశమే పోయిందని త్వరలోనే తెలిసింది. రెండున్నరేళ్ళు తిరగకముందే, 1817లో ఊవా, వెల్లస్స సీమలు భగ్గుమన్నాయి. ఆ తిరుగుబాటుకు జెండాగా నిలిచింది ఎవరు? దొరైసామి అనే నాయక్కరు రాజకుమారుణ్నని చెప్పుకున్న ఒక మాజీ భిక్షువు. ఆ వంశాన్ని ఏ జనం అసహ్యించుకుని సాగనంపారో, వాళ్ళలో ఎందరో ఆ వంశం పేరు పెట్టుకున్న మారుమనిషి వెనుక నడిచారు. అసలు రాజు వేలూరులో కదలకుండా కూర్చుని ఉన్నాడు, ఆయన పేరు మాత్రం ఊవా కొండల్లో యుద్ధం చేసింది. బ్రౌన్‌రిగ్ సేనలు ఊళ్ళు తగలబెట్టి, పొలాలు పాడు చేసి, పశువులను చంపి దాన్ని అణచాయి. అణచడానికి వచ్చి, చివరికి తిరుగుబాటులోనే కలిసిపోయిన కెప్పెటిపొల అనే కండి సామంతుడి తల 1818 నవంబరులో తెగింది. తలుపు తీసి ఇంగ్లీషువాళ్ళను లోపలికి పిలిచిన ఎహెలెపొలనూ వాళ్ళు నమ్మలేదు. అతన్ని బంధించి, చివరికి మారిషస్ దీవికి పంపేశారు. అక్కడే 1829లో పోయాడు. నియంత వేలూరులో, నియంతను దించినవాడు మారిషస్‌లో, గద్దె లండన్‌లో. ఆ ప్రవాసం 1815లో తప్పించిన యుద్ధాన్ని 1817లో వడ్డీతో సహా కట్టాల్సివచ్చింది.

ఇదొక్క చోట జరిగిన వింత అనుకోవడానికి వీల్లేదు. 1885లో బర్మా రాజు థీబోను ఇంగ్లీషువాళ్ళు వారాల్లో గద్దె దించి రత్నగిరికి పంపారు. 1916లో చనిపోయేదాకా ఆయన కొంకణ తీరాన ఉలుకూ పలుకూ లేకుండా బతికాడు. బర్మాలో మాత్రం ఊరూరా ఎదురుదెబ్బలు తింటూ కొన్నేళ్ళు సైన్యాలను నడపాల్సివచ్చింది. రాజును తీసుకుపోవడం తేలిక. రాజుతో పాటు రాజ్యాన్నీ తీసుకుపోతే ఆ రాజ్యం ఊరుకోదు.

మన భాగవతంలో ఈ న్యాయాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపిన కథ ఉంది. స్వర్గాన్ని ఆక్రమించిన బలి చక్రవర్తిని విష్ణువు చంపలేదు. యుద్ధం చేయలేదు. మూడడుగులు అడిగి, బలిని సుతలానికి పంపాడు. ఆ పంపడంలో రెండు పనులు చేశాడు. కొలిచి తీసుకున్న లోకాలను తాను ఉంచుకోకుండా, అవి ఎవరివో వాళ్ళకు, ఇంద్రాదులకు తిరిగి ఇచ్చాడు. సుతలం వాకిట తానే గద పట్టుకుని కావలి నిలిచాడు. బలి దానశీలి, నేను చెప్పే నియంతల కోవలోకి రాడు, ఆ సంగతి మరవడం లేదు. కాని ఆ కథ కట్టినవాళ్ళకు, యుద్ధం లేకుండా ఒక పాలకుణ్ని తప్పించాలంటే ఏమేం కావాలో బాగా తెలుసు. తీసుకున్నది తిరిగి ఇచ్చేవాడే ఇంకొకణ్ని పంపగలడు. పంపినవాడే కావలి కాయాలి.

ఈ కొలతతో చూస్తే ఈ కాలంలో నాకు అన్నిటికంటే శుభ్రంగా జరిగినట్టు కనిపించేది ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియాలో జరిగింది. యాహ్యా జమ్మే ఇరవై రెండేళ్ళు అక్కడ నియంతగా ఏలాడు. 2016 డిసెంబరు ఎన్నికల్లో అడామా బారో చేతిలో ఓడి, మొదట ఒప్పుకుని, వారం తిరిగేసరికి దిగనన్నాడు. పొరుగు దేశాల కూటమి సైన్యాన్ని సరిహద్దుకు తెచ్చింది, అదే నోటితో ప్రాణానికి హామీ కూడా ఇచ్చింది. 2017 జనవరి 21న జమ్మే విమానం ఎక్కి ఈక్వటోరియల్ గినీకి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఖజానా నుంచి కోటి డాలర్లకు పైగా తీసుకుపోయాడని కొత్త అధ్యక్షుడి సలహాదారు చెప్పాడు. అది చిన్న విషయమని నేను అనను, ఆ డబ్బు పేద దేశపు డబ్బు. అయినా రాజధాని బంజుల్ తగలబడలేదు. ఎందుకు తగలబడలేదంటే, గద్దె మీద కూర్చోవడానికి ఆ జనమే ఓటేసి ఎన్నుకున్న మనిషి సిద్ధంగా ఉన్నాడు, సైన్యం తెచ్చిన పొరుగువాళ్ళు గద్దె అడగలేదు.

దీని పక్కన ఇరాక్‌ను పెట్టి చూడండి. 2003 మార్చి 1న అరబ్బు దేశాల సమావేశంలో ఎమిరేట్స్ పాలకుడు షేక్ జాయెద్, సద్దాం పదవి వదిలి దేశం విడిచిపోవాలని, అందుకు తగిన హామీలు ఇవ్వాలని ప్రతిపాదించాడు. మార్చి 17న అధ్యక్షుడు బుష్, సద్దాం, అతని కొడుకులు నలభై ఎనిమిది గంటల్లో ఇరాక్ వదలాలని గడువు పెట్టాడు. సద్దాం ఒప్పుకోలేదు, యుద్ధం వచ్చింది, ఆ దేశం పడిన పాట్లు మనకు తెలుసు. నియంత మొండితనం వల్లే ఇదంతా అని చాలామంది అంటారు. మొండితనం నిజమే. కాని ఆ గడువు నడుస్తుండగానే శ్వేతసౌధం ప్రతినిధి మరో మాట చెప్పాడు. సద్దాం వెళ్ళిపోయినా అమెరికా సేనలు ఇరాక్‌లోకి వెళ్తాయి, కాకపోతే ప్రశాంతంగా వెళ్తాయి అన్నాడు. అంటే మనిషి పోయినా గద్దె మాకే అని ముందే చెప్పినట్టు. అది ప్రవాసం ప్రతిపాదన కాదు, లొంగిపొమ్మన్న తాకీదు. అందుకని, ప్రవాసం ఉపాయాన్ని ఇరాక్‌లో వాడి చూశాం, ఫలించలేదు అనే వాదన నిలవదు. అక్కడ దాన్ని నిజంగా ఎవరూ వాడి చూడలేదు.

మాట నిలబెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో రాయలసీమకు చేదు అనుభవం ఉంది. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేసరికి, ఇక్కడ దాదాపు ఎనభై మంది పాలెగాళ్ళు కోటలు కట్టుకుని ఉన్నారు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో వాళ్ళలో కొందరిని సైన్యంతో అణచాడు, చాలామందిని పింఛన్లిచ్చి గద్దెలు దించాడు. ఊరు వదలకపోయినా, అధికారం విషయంలో అదీ ఒక ప్రవాసమే. ఆ పింఛన్ల మీద సీమ చాలాకాలం మొత్తం మీద సద్దుమణిగింది. నాలుగు దశాబ్దాల తర్వాత, నొస్సం పాలెగాడు చనిపోయినప్పుడు ఆయన పింఛను వారసులకు రాకుండా కంపెనీ ఆపేసింది. ఆయన మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి మిగిలింది నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ తిరుగుబాటుకు ఇనాములు పోయిన గ్రామ ఉద్యోగుల కడుపుమంట, సీమ రైతుల కష్టాలు తోడయ్యాయి, కాని నిప్పంటుకున్నది ఆ ఆగిన పింఛను దగ్గరే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ముప్పై ఏళ్ళు కోట గుమ్మానికి వేలాడదీశారు. నరసింహారెడ్డి నియంత కాదు, సీమ ఆయన్ను వీరుడిగా కొలుస్తుంది, అది న్యాయమే. నేను చెప్పేది మాట ఇచ్చినవాళ్ళ సంగతి. దించేటప్పుడు ఇస్తానన్నది తర్వాత లెక్కల పుస్తకంలో ఖర్చుగా కనబడుతుంది, గుమాస్తా కొట్టేస్తాడు. నెపోలియన్ విషయంలో ఇదే జరిగింది. 1814లో ఎల్బా దీవి ఇచ్చి, ఏటా ఇరవై లక్షల ఫ్రాంకులు ఇస్తామని రాసిచ్చారు. ఫ్రాన్సులో మళ్ళీ గద్దె ఎక్కిన రాజు ఒక్క ఫ్రాంకు పంపలేదు. పైగా ఎల్బాకు ఇటలీ తీరం కూతవేటు దూరం. 1815 మార్చి 1న నెపోలియన్ ఫ్రాన్సులో దిగాడు, జూన్ 18న వాటర్లూలో వేల ప్రాణాలు పోయాయి. కావలి సరిగా లేదు, ఇచ్చిన మాటా నిలవలేదు. సెయింట్ హెలెనా దీవిలో మాత్రం కావలి గట్టిది, అక్కడి నుంచి అతను తిరిగి రాలేదు.

ఇక అన్నిటికంటే బరువైన ఆక్షేపణకు వస్తాను. ప్రజలను చంపినవాడు సముద్రం ఒడ్డున బంగళాలో హాయిగా బతకడమా, చచ్చినవాళ్ళకు న్యాయం ఏది? ఈ మాట అడిగినవాళ్ళ ముందు నేను తల వంచుతాను. 1972లో మన ఇండియన్లను తొంభై రోజుల గడువిచ్చి ఉగాండా నుంచి తరిమిన ఈదీ అమీన్, తన సొంత ప్రజలను లక్షల్లో చంపించినవాడు, 2003లో జెడ్డాలో ఆస్పత్రి మంచం మీద, ఒక్క రోజు కూడా కోర్టు మెట్లెక్కకుండా చనిపోయాడు. అది అన్యాయమే, దానికి నేను అందమైన పేరు పెట్టను. కాని ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. ప్రాణానికి హామీ ఒకటి, నేరానికి మాఫీ మరొకటి. మొదటిది ఇచ్చే అధికారం యుద్ధాన్ని ఆపాలనుకునేవాడికి ఉంది. రెండోది ఇచ్చే అధికారం అతనికి లేదు. అది బిడ్డలను పోగొట్టుకున్న తల్లులది, వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వానిది. లైబీరియా ఉదంతం ఈ తేడా చూపిస్తుంది. పద్నాలుగేళ్ళ పాటు వచ్చిపోతూ సాగిన అంతర్యుద్ధం తర్వాత 2003 ఆగస్టు 11న ఛార్లెస్ టేలర్ నైజీరియాలోని కలబార్‌కు వెళ్ళాడు. వారంలో శాంతి ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి సేనలు వచ్చాయి, 2005లో ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన లైబీరియా ప్రభుత్వం అడిగితేనే టేలర్‌ను అప్పగిస్తానని నైజీరియా అధ్యక్షుడు ఒబసాంజో అప్పటికే చెప్పి ఉన్నాడు. అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ 2006లో అడిగింది, టేలర్ పారిపోతూ సరిహద్దులో పట్టుబడ్డాడు. 2012లో యాభై ఏళ్ళ శిక్ష పడింది. ముందు యుద్ధం ఆగింది, న్యాయం తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ క్రమం తలకిందులై ఉంటే ఆ తొమ్మిదేళ్ళలో ఎన్ని ప్రాణాలు పోయేవో ఆలోచించండి.

టేలర్‌కు పట్టిన గతి చూసి మిగతా నియంతలు గద్దెను మరింత గట్టిగా పట్టుకుంటారు కదా అని దీనికి బదులు వాదన వస్తుంది. ఇందులో నిజం ఉంది. 2011 జనవరి 14న ట్యునీసియా బెన్ అలీ సౌదీకి విమానం ఎక్కితే, కొన్ని నెలలకు అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారంటు తలమీద ఉన్న గడాఫీ ఎక్కడికీ వెళ్ళక, అక్టోబరులో సొంత ఊళ్ళో చచ్చాడు. సిరియా అసద్ దిగలేదు, మొదటి పదేళ్ళలోనే అక్కడ మూడు లక్షల మందికి పైగా పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. అతను మాస్కోకు వెళ్ళింది 2024 డిసెంబరులో, అంతా పోయాక. వారంటు భయం నియంతల కాళ్ళకు సంకెల వేస్తుందన్నది ఒప్పుకుంటాను. కాని దానికి విరుగుడు మాఫీ కాదు. షరతులు ముందే తేటగా చెప్పడం: నీ ప్రాణం తీయం, నీ కుటుంబాన్ని ముట్టుకోం, నువ్వు రాజకీయం జోలికి వస్తే, లేదా నీ దేశంలో ఎన్నికైన ప్రభుత్వం అడిగితే, న్యాయస్థానం ముందు నిలబడాలి. ఈ షరతులకు కొందరు ఒప్పుకోరు. తుపాకీ నీడలో ఉన్నప్పుడు కొందరు ఒప్పుకుంటారు. అబద్ధపు హామీ ఇచ్చి తర్వాత మోసం చేయడం కంటే, కొందరు ఒప్పుకునే నిజమైన హామీ వందరెట్లు మేలు.

నియంత అని ముద్ర వేసేది ఎవరు అన్న సందేహం కూడా సరైనదే. కండి రాజు క్రూరుడన్నది నిజం, ఆ నిజాన్ని ఇంగ్లీషు ప్రభుత్వం తన దురాక్రమణకు ముసుగుగా వాడుకున్నదీ నిజమే. పరాయి దేశం ఒకడిని నియంత అని తీర్మానించి సాగనంపబోయినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: తర్వాత ఆ గద్దె మీద నీకు పనేమిటి?

చివరగా మన దేశం. టిప్పు బిడ్డలను, కండి రాజును, థీబోను మన నేల మీద పెట్టింది ఇంగ్లీషువాళ్ళు, మనల్ని అడగకుండా పెట్టారు. ఇప్పుడు ఎవరిని ఉంచాలో, ఎలా ఉంచాలో నిర్ణయించేది మనం. 2024 జూలై, ఆగస్టు నెలల్లో బంగ్లాదేశ్‌లో పద్నాలుగు వందల మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. హసీనా నియంతా కాదా, ఏ మేరకు దోషి అన్నది ఆ దేశ ప్రజలు, న్యాయమైన విచారణ తేల్చాల్సిన సంగతి. ఆమె వెళ్ళిపోవడంతో ఢాకా వీధుల్లో మరింత నెత్తురు పారకుండా ఆగిందని నేను నమ్ముతాను, ఆశ్రయమిచ్చి మన ప్రభుత్వం మంచి పని చేసిందనీ నమ్ముతాను. కాని ఇక్కడి నుంచి ఆమె చేసే ప్రసంగాల మీద ఢాకా పదేపదే అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరానికి బదులు చెప్పడానికి మన దగ్గర రాసిపెట్టిన నియమం లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో సభ్యులం కాము. శరణు కోరి వచ్చినవారి కోసం ప్రత్యేక చట్టం లేదు. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు సభ్యుడిగా ఒక ఆశ్రయ బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. వచ్చినవాళ్ళను ఎలా ఉంచాలన్నది ఆయా రోజున ఢిల్లీలో ఉన్నవారి ఇష్టం. పదవి పోయిన పాలకులు వస్తే ప్రాణానికి పూచీ ఏమిటి, రాజకీయానికి హద్దు ఏమిటి, వాళ్ళ దేశంలో ఎన్నికైన ప్రభుత్వం అడిగితే ఏ న్యాయస్థానం ఏ గడువులో విని తేల్చాలి, వెంట తెచ్చిన డబ్బు ఎవరి అధీనంలో ఉండాలి అన్నవి చట్టంలో ఉండాలి. ఈ సభలో ఉన్న న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాసి, అలాంటి చట్టం కోసం సభలో పట్టుబట్టమని అడగాలని కోరుతున్నాను.